బల్బు కొనేది మన కళ్లు, వాడేది అమ్మ కళ్లు

ఫోన్ కొనే ముందు మనం అడగని ప్రశ్న ఉండదు. డిస్‌ప్లే పీక్ బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్? ఎండలో కనపడుతుందా? పీడబ్ల్యూఎం డిమ్మింగ్ ఎంత? కళ్లు లాగుతాయా? ఒక రోజంతా రివ్యూలు చూసి, ఇంకో రోజు కామెంట్లు చదివి, అప్పుడు డబ్బులు తీస్తాం. అదే మనం బల్బు కొనడానికి వెళ్తే ఒకటే మాట: "అన్నా, తొమ్మిది వాట్లది ఒకటి ఇవ్వు." షాపతను పెట్టెలో నుంచి తీసి, హోల్డర్‌లో పెట్టి, వెలిగించి చూపిస్తాడు. వెలిగింది కదా, చాలు. ఇంటికొచ్చేస్తాం.

చేతిలో ఉన్న ఆరంగుళాల స్క్రీన్ వెలుగు గురించి అంత చర్చ చేసేవాళ్లం, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంట్లో నలుగురు బతికే వెలుగు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగం. నాకు ఇది వింతగానే ఉంటుంది. అందుకే ఈసారి ఫోన్ పక్కన పెట్టి బల్బు గురించి రాస్తున్నా. మాది నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు, మైపాడు వైపు. ఇక్కడి ఉప్పుగాలి, ఇక్కడి కరెంటు, ఇక్కడి వంటిళ్లు చూసి చెప్తున్న మాటలు ఇవి. మీ ఊరు వేరైనా లెక్క మాత్రం ఒకటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఎల్ఈడీకి మారిన రోజే కరెంటు ఆదా యుద్ధం చాలావరకు గెలిచేశాం. ఇంకా "తక్కువ వాట్లు" అంటూ ఇంట్లో వెలుగు కోసేయడం దండగ. ఇక చూడాల్సింది ఏ గదికి, ఎవరి కళ్లకి, ఎంత వెలుగు అన్నదే.

వాట్ల లెక్క ఇంతకుముందే తేలిపోయింది

కొంచెం వెనక్కి వెళ్దాం. నీలి ఎల్ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ ఫిజిక్స్ నోబెల్ వచ్చింది 2014లో. నీలి ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే తెల్ల వెలుగు వస్తుంది. మన ఇంట్లో ఉన్న ప్రతి ఎల్ఈడీ బల్బూ దాదాపు ఇదే. సరిగ్గా ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత ఫిలమెంట్ బల్బు ఇస్తే 10 రూపాయలకి ఎల్ఈడీ ఇచ్చే పథకం మొదలైంది. 2015 జనవరి 5న అదే దేశమంతటి పథకం అయింది. తర్వాత దాని పేరే ఉజాలా. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొనే ధర 2014 మొదట్లో బల్బుకి 310 రూపాయలుంటే, 2016కల్లా 38 రూపాయలకి దిగింది. ఈ పథకం కింద 36 కోట్లకి పైగా బల్బులు ఇళ్లకి చేరాయి. ఫోన్లలో కూడా ధర ఇంత వేగంగా పడిపోవడం మనం అరుదుగానే చూశాం.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. యూనిట్ 6 రూపాయలు అనుకుందాం, బల్బు రోజుకి 5 గంటలు వెలుగుతుంది అనుకుందాం.

60 వాట్ల ఫిలమెంట్ బల్బు: నెలకి 9 యూనిట్లు, 54 రూపాయలు.
9 వాట్ల ఎల్ఈడీ: నెలకి 1.35 యూనిట్లు, సుమారు 8 రూపాయలు.

అంటే నెలకి 46 రూపాయలు మిగిలింది. నిజమైన ఆదా ఇదే. ఇప్పుడు ఎవరో పొదుపు మనిషి వచ్చి "9 వాట్లు ఎందుకు, 5 వాట్లది పెట్టు" అన్నాడనుకోండి. దాంతో మిగిలేది నెలకి 0.6 యూనిట్, అంటే 3 రూపాయల 60 పైసలు. ఆ మూడున్నర రూపాయల కోసం గదిలో వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. అదే 9 నుంచి 12 వాట్లకి పెంచితే అదనంగా పడేది నెలకి 2 రూపాయల 70 పైసలు.

నిజంగా బిల్లు తగ్గాలంటే తల పైకెత్తి ఫ్యాన్ చూడండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల. మన ఎండలకి రోజుకి 15 గంటలు తిరుగుతుంది. ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకి 20 యూనిట్లు, అంటే 120 రూపాయలు మిగులుతాయి. పొదుపు ఫ్యాన్ దగ్గర చేయండి. వెలుగు దగ్గర పిసినారితనం వద్దు.

అడగాల్సిన మాట: ల్యూమెన్

వాట్ అంటే బల్బు తాగే కరెంటు. ల్యూమెన్ అంటే అది ఇచ్చే వెలుగు. బైక్ ట్యాంకులో పోసే పెట్రోలు వేరు, అది తిరిగే కిలోమీటర్లు వేరు కదా, ఇదీ అంతే. మైలేజీ ఇక్కడ వాట్‌కి ఎన్ని ల్యూమెన్లు అన్నది. వాట్‌కి 100 ల్యూమెన్లిచ్చే 9 వాట్ల బల్బు 900 ల్యూమెన్లు ఇస్తుంది. వాట్‌కి 75 ఇచ్చే బల్బు అదే 9 వాట్లకి 675 మాత్రమే ఇస్తుంది. రెండు పెట్టెల మీదా "9 వాట్లు" అనే పెద్ద అక్షరాలతో ఉంటుంది. ల్యూమెన్ సంఖ్య పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది ఆ చిన్న అక్షరాలే.

బీఈఈ వాళ్లు ఎల్ఈడీ బల్బులకి ఇచ్చే నక్షత్రాలు ఈ మైలేజీ మీదే. ఎక్కువ నక్షత్రాలంటే అదే కరెంటుకి ఎక్కువ వెలుగు అని మాత్రమే. బల్బు ఎక్కువ కాలం వస్తుందని, రంగు బాగుంటుందని కాదు.

పాత బల్బులతో పోల్చుకోవాలంటే గుర్తుపెట్టుకోండి: 40 వాట్ల ఫిలమెంట్ 400 ల్యూమెన్ల పైచిలుకు, 60 వాట్లది 700 చుట్టూ, 100 వాట్లది 1300 పైన. పాత ట్యూబ్‌లైట్ 2400 దాకా ఇచ్చేది, చోక్‌తో కలిపి 50 వాట్లు తాగేది. ఇప్పటి 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ 2000 దాకా ఇస్తుంది. అందుకే హాల్లో ట్యూబ్‌లైట్ తీసేసి దాని చోట 9 వాట్ల బల్బు పెట్టినవాళ్లు "ఎల్ఈడీ వెలుగు చాలదబ్బా" అంటారు. తప్పు ఎల్ఈడీది కాదు. 2400 ఉన్నచోట 900 పెట్టారు.

ల్యూమెన్ బల్బు దగ్గర లెక్క. ఆ వెలుగు మీ బల్ల మీద, మీ గట్టు మీద ఎంత పడింది అన్నది లక్స్. ఒక చదరపు మీటర్ మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. 10 బై 12 అడుగుల గది అంటే 11 చదరపు మీటర్లు. 900 ల్యూమెన్ల బల్బులో గోడలూ పైకప్పూ తినేయగా సగం కిందికి వచ్చిందనుకుంటే, సగటున 40 లక్స్ పడుతుంది. కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి సరిపోతుంది. సూదిలో దారం ఎక్కించడానికి చాలదు.

గోడల రంగు కూడా లెక్కలోకి వస్తుంది. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుగులో ముప్పాతిక వంతు తిరిగి ఇస్తుంది. ముదురు రంగు గోడ చాలావరకు మింగేస్తుంది. బల్బు మార్చే ముందు సున్నం కొట్టించడం కూడా ఒక అప్‌గ్రేడే.

ఇంట్లో అందరికంటే పెద్ద కళ్లు ఎవరివి?

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. ఇంట్లో బల్బు కొనేది ఎవరు? మనమే. "ఒరేయ్, బల్బు పోయింది, వచ్చేటప్పుడు తీసుకురా" అంటే తెచ్చేది ఇరవై ఏళ్లవాడు, ఇరవై రెండేళ్ల పిల్ల. హోల్డర్‌లో పెట్టి, స్విచ్ వేసి, "బాగానే ఉంది" అని తీర్పు చెప్పేది మన కళ్లే. ఆ వెలుగులో బియ్యంలో రాళ్లు ఏరేది అమ్మ. మందు బిళ్ల అట్ట మీద పేరు చదివేది నాయనమ్మ.

వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటిలోపలి లెన్స్ పసుపుబారి మందమవుతుంది. అరవై ఏళ్ల కంటి రెటీనాకి చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. మళ్లీ చదవండి: మూడో వంతు. మీకు 100 లక్స్‌లా అనిపించే గది మీ నాయనమ్మకి 33 లక్స్‌లా ఉంటుంది. ఆమె "కనపడటం లేదు నాయనా" అంటే మనం "అద్దాలు మార్చాలి" అంటాం. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే, శుక్లాలున్నాయేమో చూపించాల్సిందే. కానీ దాంతో పాటు నెలకి మూడు రూపాయల కరెంటు ఖర్చుతో ఆ గదిలో వెలుగు పెంచే అవకాశం మన చేతిలో ఉంది. రాత్రిపూట బాత్రూమ్ గడప దగ్గర, మెట్ల దగ్గర పెద్దవాళ్లు జారిపడితే అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోండి.

కాబట్టి నా రూలు: బల్బు సరిపోయిందా లేదా అన్నది కొన్నవాడు చెప్పకూడదు. ఆ గదిలో అందరికంటే పెద్ద వయసు మనిషి చెప్పాలి.

గది గదికీ లెక్క

సుమారుగా ఇలా పెట్టుకోండి: హాలుకి 100 నుంచి 150 లక్స్, పడకగదికి 50 నుంచి 100, బాత్రూమ్, మెట్లకి 100, వంటింటి గట్టు మీద 200 నుంచి 300, చదువుకునే బల్ల మీద 300 నుంచి 500. పెద్దవాళ్లు ఎక్కువసేపు ఉండే చోటైతే పై అంకె తీసుకోండి.

కొలవడానికి మీటర్ కొనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెల్ఫీ కెమెరా పక్కన ఉండే యాంబియెంట్ లైట్ సెన్సర్ లక్స్‌లోనే చెప్తుంది. ఏదో ఒక లక్స్ మీటర్ యాప్ వేసుకుని, స్క్రీన్ పైకి పెట్టి, మీ తల నీడ పడకుండా పక్కకి జరిగి చూడండి. ఐఫోన్‌లో ఆ సెన్సర్‌ని యాప్‌లకి ఇవ్వరు కాబట్టి కెమెరాతో అంచనా వేస్తాయి. ఏ ఫోన్ అంకె అయినా ల్యాబ్ అంకె కాదు. కానీ ఒకే ఫోన్‌తో రెండు చోట్లు పోల్చడానికి భేషుగ్గా పనికొస్తుంది.

మా వంటింట్లో నేను చేసింది ఇదే. 9 వాట్ల బల్బు వెనక గోడ మీద ఉంది. స్టవ్ పక్కన గట్టు మీద ఫోన్ పెడితే 60 లక్స్. అమ్మ వచ్చి కూరగాయలు తరిగే చోట నిలబడగానే 20 కిందికి పడిపోయింది, ఎందుకంటే బల్బు ఆమె వీపు వెనక ఉంది, గట్టు మీద ఆమె నీడే పడుతోంది. అక్కడ 9 తీసి 15 పెట్టినా అదే నీడ. గట్టు పైన అలమర కింద 10 వాట్ల చిన్న బ్యాటెన్ బిగించాక 300 దాటింది. మనలో చాలామంది వంటిళ్లలో జబ్బు ఇదే, వెలుగు తక్కువై కాదు, తప్పుచోట ఉండి. వెలుగు మనిషికీ పనికీ మధ్యలో పైనుంచి రావాలి, వీపు మీద నుంచి కాదు.

చదువు బల్లకీ ఇదే సూత్రం. దూరం సగం అయితే వెలుగు నాలుగు రెట్లు అవుతుంది. పైకప్పు బల్బు బల్లకి ఆరడుగుల దూరంలో ఉంటే, టేబుల్ ల్యాంప్ అడుగున్నర దూరంలో ఉంటుంది. దూరం నాలుగో వంతు, అంటే అదే బల్బు వెలుగు పదహారు రెట్లు. గదంతా 20 వాట్లతో నింపేకన్నా 5 వాట్ల టేబుల్ ల్యాంప్ పుస్తకం మీద ఎక్కువ వెలుగు పోస్తుంది. పోటీ పరీక్షలకి రాత్రిళ్లు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే ముందు కొనాల్సింది ఇదే.

తెల్లగా ఉంటేనే ఎక్కువ వెలుగా?

మన దగ్గర షాపుల్లో అడక్కుండా చేతికొచ్చేది 6500 కెల్విన్ బల్బు, కూల్ డేలైట్ అంటారు. నీలం పాలు ఎక్కువగా ఉండే తెలుపు. కంటికి "వెలుతురు ఎక్కువ" అన్నట్టు కనపడుతుంది, కానీ కెల్విన్‌కీ ల్యూమెన్‌కీ సంబంధం లేదు. 2700 నుంచి 3000 అంటే పాత ఫిలమెంట్ లాంటి పసుపు. 4000 మధ్యస్థం.

రాత్రి నీలం ఎక్కువ ఉన్న వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని అణుస్తుంది. ఫోన్‌లో నైట్ మోడ్ ఆన్ చేసుకుని, తల మీద 6500 బల్బు వేసుకుని పడుకునేముందు గంట కూర్చోవడం భలే తమాషా. పడకగదికి 3000, హాలుకీ వంటింటికీ 4000 నా ఓటు. చదువు బల్లకి 4000 గానీ 6500 గానీ మీ ఇష్టం.

ఇంకో అంకె సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుంది అని. ఫిలమెంట్‌కి 100. మామూలు ఎల్ఈడీకి 80. పెట్టె మీద 90 పైన ఉంటే మంచిది. మన ఒడ్డు వాళ్లకి దీని అవసరం చెప్పక్కర్లేదు. వంజరం తెచ్చినా, చందువ తెచ్చినా ముందు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం. ఆ ఎరుపే తాజాదనానికి సాక్ష్యం. చౌక ఎల్ఈడీలు సరిగ్గా ఈ ముదురు ఎరుపు దగ్గరే చేతులెత్తేస్తాయి, పైగా సీఆర్ఐ సగటులో ఆ ముదురు ఎరుపుని లెక్కించరు. దాన్ని ఆర్9 అని విడిగా ఇస్తారు. చాలా పెట్టెల మీద ఉండదు. ఉన్న బ్రాండ్ దొరికితే వంటింటికి అదే తీసుకోండి.

ఫ్లికర్: మీ ఫోనే పట్టిస్తుంది

పీడబ్ల్యూఎం గురించి ఫోన్ రివ్యూల కింద గొడవపడే మిత్రులారా, మీ తల మీద బల్బు సంగతి చూశారా? మన కరెంటు 50 హెర్ట్జ్. డ్రైవర్ సరిగా లేని బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి ఆరుతుంది. కంటికి నేరుగా కనపడదు గానీ కొందరికి తలనొప్పి, కళ్ల అలసట తెప్పిస్తుంది. పట్టుకోవడం తేలిక. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి బల్బు వెలుగు పడ్డ తెల్ల గోడ వైపు చూపించండి, లేదా స్లో మోషన్‌లో వీడియో తీయండి. నల్ల చారలు ముదురుగా పాకుతుంటే ఆ బల్బుని వసారాకి పంపేయండి, చదువు బల్ల మీదకి వద్దు.

మన తీరం అడిగే స్పెక్స్

ముత్తుకూరు మండలం నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లున్న థర్మల్ కేంద్రం ఉంది. బయటివాళ్లు "మీకేమబ్బా, కరెంటు మీ పెరట్లోనే పుడుతోంది" అంటారు. అక్కడ పుట్టిన కరెంటు హైటెన్షన్ లైన్లెక్కి గ్రిడ్‌లోకి వెళ్లిపోతుంది. మన ఇంటికి వచ్చేది ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. ఆ లైన్ చివర ఇల్లు ఉండి, అదే లైన్ మీద రొయ్యల గుంటల ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతుంటే వోల్టేజీ కిందికి జారడం సహజం.

230 నుంచి 180 వోల్టులకి పడితే పాత ఫిలమెంట్ బల్బు వెలుగు సగం కూడా ఉండేది కాదు. మంచి డ్రైవర్ ఉన్న ఎల్ఈడీ అయితే అదే వెలుగు నిలబెడుతుంది. కానీ అన్ని ఎల్ఈడీలూ కాదు. ఎల్ఈడీ చిప్పులున్న ప్లేటు మీదే చవక డ్రైవర్ అంటించిన బల్బులు వోల్టేజీ తగ్గగానే మసకబారుతాయి. అందుకే పెట్టె మీద "100 నుంచి 300 వోల్టులు" లాంటి విశాలమైన రేంజ్ చూడండి. "220 నుంచి 240" అని మాత్రమే ఉంటే లైన్ చివరి ఇళ్లకి వద్దు. పిడుగులు, తుపాను గాలులప్పుడు కరెంటు పోయి వచ్చే సమయంలో వచ్చే సర్జ్‌కి 4 కేవీ ప్రొటెక్షన్ రాసి ఉన్నది తీసుకోండి.

ఉప్పుగాలి రెండో శత్రువు. హోల్డర్‌లో పిన్నులు పచ్చబడి, నల్లబడి, కాంటాక్ట్ వదులై బల్బు మినుకుమంటుంది. మనం బల్బు పోయిందని పారేస్తాం. కొత్తది కొనే ముందు మెయిన్ ఆపి హోల్డర్ చూడండి, చాలాసార్లు మార్చాల్సింది అదే. వసారాలో, కాంపౌండ్ గోడ మీద ఐపీ65 ఉన్న లైట్లే పెట్టండి.

మూడోది వేడి. పెట్టె మీద 25,000 గంటలు అని రాస్తారు, రోజుకి ఐదు గంటల చొప్పున 13 ఏళ్ల పైమాట. సాధారణంగా ఆ అంకె వెలుగు 70 శాతానికి తగ్గే దాకా అన్న లెక్క. ఎల్ఈడీ చిప్పుల కన్నా ముందు చచ్చేది డ్రైవర్‌లోని కెపాసిటర్. దాని చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. గాలాడని గాజు డోముల్లో బల్బు పెట్టకండి. ఇన్వర్టర్ బల్బులకి ఇది ఇంకా ముఖ్యం, లోపల లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. తుపాను రోజుల కోసం ఇంట్లో అలాంటివి ఒకటి రెండు ఉండాలి, బాత్రూమ్ దారిలో ఒకటి, వంటింట్లో ఒకటి. బ్యాటరీ మీద వెలుగు తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇంటి బయట మాత్రం తగ్గించండి

ఇంత సేపూ వెలుగు పెంచమన్నవాణ్ణి, ఇక్కడ రివర్స్ గేర్ వేస్తున్నా. మన ఇసుక మీదకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరే దాకా ఇదే వాటి కాలం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగు ఎటు ఎక్కువుంటే అటే నడుస్తుంది. చీకటి రాత్రి అది సముద్రం వైపే. ఒడ్డున ఇల్లో, గెస్ట్‌హౌసో 50 వాట్ల తెల్ల ఫ్లడ్‌లైట్ వేస్తే అది రోడ్డు వైపు నడుస్తుంది. తెల్లారేసరికి కుక్కలు, కాకులు, ఎండ.

సముద్రం వైపు ఇల్లున్నవాళ్లకి కావాల్సింది మూడే: లైటు కిందికి బిగించడం, పైనా పక్కలా మూత ఉండటం, తెలుపు బదులు అంబర్ రంగు. మోషన్ సెన్సర్ ఉన్నది తీసుకుంటే మనిషి వచ్చినప్పుడే వెలుగుతుంది. గడప కనపడటానికి 300 ల్యూమెన్లు చాలు, సముద్రానికి వెలుగు చూపించక్కర్లేదు.

మరి స్మార్ట్ బల్బు?

ఈ సైట్‌లో ఇది అడగకుండా ఉండరు. స్మార్ట్ బల్బు సరదాగా ఉంటుంది. కెల్విన్ మార్చుకోవచ్చు, మసక చేసుకోవచ్చు. పడకగదికి ఒకటి తీసుకోండి, తప్పులేదు. కానీ అమ్మ గోడ స్విచ్ ఆపేసిన క్షణంలో అది మామూలు బల్బు కన్నా హీనం. పైగా కోటి అరవై లక్షల రంగులు అని రాసిన బల్బు ఎరుపు, నీలం పెట్టినప్పుడు చాలా తక్కువ వెలుగే ఇస్తుంది. ఒక స్మార్ట్ బల్బు ధరకి వంటింటి బ్యాటెన్, చదువు బల్ల ల్యాంప్ రెండూ రావచ్చు. ముందు అవి, తర్వాత రంగులు.

షాపులో ఆరు చూపులు

ఒకటి, ల్యూమెన్ ఎంత, వాట్‌కి కనీసం 90 నుంచి 100 పడుతోందా. రెండు, కెల్విన్. మూడు, సీఆర్ఐ 80 పైనా, 90 ఉందా. నాలుగు, వోల్టేజీ రేంజ్, సర్జ్ కేవీ. ఐదు, బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16102, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్. అవి లేని సంచీ బల్బు 30 రూపాయలకి వచ్చినా వద్దు. ఆరు, వారంటీ, బిల్లు. బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి, ఏడాది తర్వాత అదే పనికొస్తుంది.

ఇదంతా చేయడానికి ఒక సాయంత్రం, ఒక ఫోన్, కొద్ది వందల రూపాయలు చాలు. లక్స్ యాప్ పట్టుకుని ముందు వంటింటి గట్టు, తర్వాత పెద్దవాళ్ల మంచం పక్కన, ఆఖర్న బాత్రూమ్ దారి కొలవండి. అంకెలు రాసుకున్నాక యాప్ మూసేసి, ఇంట్లో పెద్దావిడని అడగండి: "ఇక్కడ నీకు సరిగా కనపడుతోందా?" ఆమె చెప్పిన జవాబుని బట్టి బల్బు కొనండి.